అతుకుల క్యాసెట్టు

మిణుగురు మా స్టూడియోకు వస్తోందని తెలిసిన రోజు నేను అక్కకు ఫోన్ చేసి చెప్పలేదు. చెబితే అది కుట్టాల్సిన బట్టలన్నీ బల్ల మీదే పడేసి, దుకాణం మూసి పరిగెత్తుకొస్తుంది. వచ్చి అందరి ముందూ నా పరువు తీస్తుంది. కార్యక్రమం అయిపోయాక తీరిగ్గా చెప్పి ఏడిపిద్దామనుకున్నాను. చిన్నప్పుడు క్యాసెట్ అట్ట మీది మిణుగురు బొమ్మ ఎవరి దిండు కింద ఉండాలన్న దాని మీద మేమిద్దరం జుట్లు పట్టుకున్నవాళ్ళం. ఆ తగువు ఇంకా తీరలేదు.

మిణుగురు గాయని. అసలు పేరు వేరే ఉంది గానీ, చిన్న చిన్న అద్దాల ముక్కలు కుట్టిన కోటు వేసుకుని చీకటి వేదిక మీద గిర్రున తిరిగేది కాబట్టి జనం అలా పిలిచారు. మాకు ఆమె పాటంటే చెవి కోసుకునేంత ఇష్టం. అక్క చాక్లెట్ల మెరుపు కాగితాలన్నీ దాచి, అమ్మ పాత స్వెటర్ నిండా అతికించి ఒక కోటు తయారుచేసింది. వంతులవారీగా అది తొడుక్కుని, దువ్వెన మైకుగా పట్టుకుని, మంచమెక్కి "కిటికీ పాట" పాడేవాళ్ళం.

ఆ పాట మా ఇంట్లో అందరి ఇళ్ళలోలాగా ఉండేది కాదు. ఒకసారి టేపురికార్డర్ మా క్యాసెట్టును నమిలేసింది. రీలు బారెడు పొడుగున మడతలు పడి బయటికొచ్చింది. మేం శవం ముందు కూర్చున్నట్టు ఏడుస్తుంటే నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, నలిగిన ముక్క కోసేసి, రెండు కొసలనూ సన్నటి టేపు ముక్కతో అతికించాడు. అప్పట్నుంచీ మొదటి చరణం తర్వాతి పల్లవి ముగియగానే "తక్" అని చిన్న చప్పుడు, వెంటనే చివరి చరణం. మధ్యలో ఒక చరణం, దానికి అటూ ఇటూ ఉన్న ఫ్లూటూ ఎగిరిపోయాయి. మేం పాడేటప్పుడు ఆ "తక్" కూడా పాడేవాళ్ళం. పెద్దయ్యాక పూర్తి పాట విన్నాను. ఆ మధ్య చరణం వచ్చేసరికి మా ఇంట్లోకి చెప్పాపెట్టకుండా ఎవరో వచ్చి కూర్చున్నట్టనిపించి కట్టేశాను.

నా ఉద్యోగం ప్రాంప్టర్ తిప్పడం. కెమెరా ముందు ఒక అద్దం ఉంటుంది, దాని మీద అక్షరాలు కదులుతుంటాయి. వార్తలు చదివేవాళ్ళు జనం కళ్ళలోకి చూస్తున్నట్టు నటిస్తూ వాటిని చదువుతారు. ఆ అక్షరాలను కదిపే చక్రం నా కుడిచేతి కింద ఉంటుంది. వాళ్ళు తొందరపడితే నేను తొందరపడాలి, దగ్గితే ఆగాలి. ఈ పనికి నియమం ఒకటే. చెయ్యి గొంతు వెనకే నడవాలి, ముందు నడవకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆమె పొద్దున్నే వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని. నేను అనుకున్నదానికన్నా పొట్టిగా ఉంది. జుట్టుకు రంగు వేయలేదు. అందరికీ నమస్కారం పెట్టింది, టీ తెచ్చినతనికి కూడా పెట్టింది, కాసేపటికి అతనికే మళ్ళీ కొత్తగా పెట్టింది. అతను నవ్వాడు. కూతురు నవ్వలేదు.

రిహార్సల్ మొదలైంది. పల్లవి పాడింది. గొంతు కాస్త బరువెక్కింది గానీ అదే గొంతు. నా చేతుల మీద రోమాలు లేచాయి. మొదటి చరణం సగంలో ఆగిపోయింది. బ్యాండువాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు ఆగారు. ఆమె కీబోర్డ్ వాయించే ఆయన వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగింది.

"ఇప్పుడు మనం ఏ పాట పాడుతున్నామండీ?"

డ్రమ్ముల దగ్గరున్నతను తన పుల్లల వంక చూసుకున్నాడు.

ప్రొడ్యూసర్ ఆమె కూతురిని పక్కకు పిలిచాడు. నేను కేబుల్ చుడుతున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను.

"చూడమ్మా, మధ్యాహ్నం లైవ్. మళ్ళీ తీయడానికి ఉండదు. పాత రికార్డు వేసేద్దాం. ఆవిడ పెదాలు కదిపితే చాలు," అన్నాడు.

"నాకూ అదే నయమనిపిస్తోందండీ," అంది కూతురు. "వచ్చే నెల నుంచి కచేరీలకు రమ్మని ఒకళ్ళు అడుగుతున్నారు, నాలుగు ఊళ్ళలో. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఇవాళ తన నోటితో పాట మొత్తం పాడగలిగితే సరేనంటాననీ, లేకపోతే ఇదే ఆఖరనీ అమ్మకు చెప్పాను. ఆవిడా ఒప్పుకుంది. ఇప్పుడు చూశారుగా."

వాళ్ళ వెనక మిణుగురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"పెదాలు కదపడానికి నేనెందుకు నాయనా? బట్టల దుకాణంలో బొమ్మను తెచ్చి నిలబెట్టు, నాకన్నా అందంగా ఉంటుంది," అంది. నవ్వుతూనే అంది గానీ కూతురి వంక చూడలేదు.

నాకు ఒళ్ళు మండింది. నా మిణుగురును బొమ్మను చేస్తారా అనిపించింది. అంతే, నోరు నా మాట వినలేదు.

"సార్, ప్రాంప్టర్ పెడదాం. వార్తలు చదివేవాళ్ళకు పనికొచ్చేది పాటకు పనికిరాదా? నేను చూసుకుంటాను."

"తేడా వస్తే?"

"నాదే పూచీ."

ఆయన పళ్ళు నూరాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. ఆమె పాడుతుంటే పాత రికార్డు కూడా బయటికి వినబడకుండా పక్కనే నడుస్తుంది. బ్యాండువాళ్ళ చెవుల్లో లెక్క తప్పకుండా తాళం వినిపించి రెండూ ఒకే నడకలో పోయేలా చూస్తారు. ఆమె తడబడితే సౌండాయన మీట పైకి నెట్టి రికార్డు గొంతు ఎత్తేస్తాడు. ఆమె గొంతు పోయినచోట పాత గొంతు వస్తుంది, చూసేవాళ్ళకు తెలియదు.

కూతురు తన ఫోనులోంచి పాట మాటలు పంపింది. నేను ప్రాంప్టర్‌లోకి ఎక్కించాను.

"ఒకసారి మొత్తం చదువుకోరాదూ?" అన్నాడు సౌండాయన.

"నాకా? ఈ పాటా?" అన్నాను. అతన్ని చూసి జాలిపడ్డాను కూడా.

మేకప్ అయ్యాక మిణుగురు నా దగ్గరికొచ్చి నిలబడింది. అద్దాల కోటు వేసుకుంది. చాలా అద్దాలు ఊడిపోయి, కుట్టు మచ్చలు మిగిలాయి.

"అమ్మాయ్, నిన్ను నమ్ముకున్నాను. నేను ఆ అద్దం తప్ప ఇంకేదీ చూడను. నా తలలో ఉన్నదాన్ని నమ్మను, అక్కడున్నదే చదువుతాను. సరేనా?"

"సరే మేడం. మీరు నిశ్చింతగా పాడండి."

నా పాటలు చిన్నప్పుడు విన్నావా అని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయమని మాత్రం అడిగింది.

లైవ్ మొదలైంది. నేను కెమెరా పక్కన నా చిన్న తెర ముందు కూర్చున్నాను, చెవికి హెడ్‌సెట్. ప్రొడ్యూసరూ సౌండాయనా పై గదిలో ఉన్నారు, వాళ్ళ మాటలు నా చెవిలో పడుతున్నాయి. వేదిక చీకటి చేసి ఒక్క దీపం వేశారు. మిగిలిన అద్దాలన్నీ ఒక్కసారి మెరిశాయి. కూర్చున్న జనంలో పెద్దవాళ్ళు కొందరు పిల్లల్లా కేకలేశారు.

పల్లవి. నా చెయ్యి ఆమె గొంతు వెనకే నడిచింది. మొదటి చరణం వచ్చింది. పొద్దున ఆగిపోయిన చోటు దగ్గరపడుతుంటే నేను ఊపిరి బిగబట్టాను. ఆమె ఆ మాట మీదికొచ్చి, ఒక్క క్షణం కళ్ళు చికిలించి చదివి, దాటేసింది.

"దాటింది," అన్నాడు సౌండాయన.

"వేలు తియ్యకు," అన్నాడు ప్రొడ్యూసర్.

మళ్ళీ పల్లవి. *కిటికీ తెరిస్తే గాలొచ్చింది, గాలి వెంబడి నీ నవ్వొచ్చింది.* చివరి మాటను ఆమె ఎప్పటిలాగే పైకి విసిరి వదిలేసింది. ఆ విసురు కోసం నేనూ అక్కా మంచం మీద ఎగిరి దూకేవాళ్ళం. ఫ్లూటు మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. నేను ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను. నా చెయ్యి చక్రం తిప్పింది. ఎప్పుడు తిప్పిందో, ఎంత తిప్పిందో నాకు తెలియదు.

ఆమె కళ్ళు తెరిచి అద్దంలోకి చూసి పాడింది.

*దీపం పెట్టకు, చీకటి బాగుంది...*

ఎంత బాగుందో అనుకున్నాను. నాకు అనుమానం కూడా రాలేదు, అదే కదా తర్వాత రావాల్సింది!

"ఇదేంటి?" చెవిలో సౌండాయన. "ఇది మూడో చరణం. రికార్డులో రెండోది నడుస్తోంది."

"చెప్పానా! మర్చిపోయింది. రికార్డు ఎత్తు! ఎత్తు!" ప్రొడ్యూసర్ అరిచాడు.

నేను నా తెర వంక చూశాను. పైన, నా చెయ్యి దాటేసిన చోట, నాలుగు పంక్తులు ఉన్నాయి. ఆమె అద్దంలో ఉన్నదే పాడింది. అద్దంలో ఉన్నది నేను పెట్టింది.

"ఎత్తొద్దు!" గొంతు నొక్కిపెట్టి అన్నాను. "సార్, ఎత్తొద్దు. ఆవిడ పెదాల మీద ఒక చరణం, బయటికి ఇంకో చరణం వినబడుతుంది. ఊరంతా చూస్తుంది. పరువు పోతుంది సార్."

"మరేం చెయ్యమంటావ్?"

"రెండు చరణాలదీ ఒకటే బాణీ. దీన్ని పాడనివ్వండి. తర్వాత ఫ్లూటులో నేను రెండోది పెడతాను. బ్యాండుకేం తేడా లేదు."

సౌండాయన వేలు ఎక్కడుందో నాకు తెలియదు. ఆమె గొంతు ఒక్కటే వినబడుతోంది. ప్రతి మాటకూ ఇప్పుడు పాత గొంతు వచ్చి మీదపడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. చరణం అయింది, పల్లవి అయింది, ఫ్లూటు మొదలైంది.

చక్రం వెనక్కి తిప్పాను. తెర మీద అక్షరాలు వెనక్కి పరిగెత్తాయి. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. అద్దంలోనే చూస్తోంది. పాట వెనక్కి పోవడం చూసింది, ఆమె నవ్వు ముఖం మీదే బిగుసుకుపోయింది. ఏదో తప్పు జరిగిందని ఆమెకు తెలిసిపోయింది. ఎవరి తప్పో కూడా తనకు తెలుసనుకుంది. చంటిపిల్ల చేతిలో గ్లాసు జారి పగిలితే పెద్దవాళ్ళ వంక ఎలా చూస్తుందో అలా చూసింది కెమెరా వంక, అంటే నా వంక.

ఫ్లూటు ఆగింది. ఆమె అందుకోలేదు. పాడు తల్లీ, పాడు, అని లోపల మొక్కుతున్నాను. సగం తాళం ఆలస్యంగా, సన్నగా, మొదలైంది.

*మెట్ల మీద నీ చెప్పులు చూశా, ఒకటి ఇటూ, ఇంకోటి అటూ. వచ్చావనుకుని తలుపు తీశా, గుమ్మం నిండా వెన్నెలే.*

ఇన్నేళ్ళకు ఆ నాలుగు పంక్తులను నేను మొదటిసారి ఒక్కో మాట చొప్పున చదివాను. చదవకపోతే తిప్పలేను కదా.

పాట అయిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ప్రొడ్యూసర్ మెట్లు దిగి వచ్చి నా భుజం తట్టాడు.

"ఆవిడ చరణం ఎగరగొట్టేస్తే ఎంత తెలివిగా సర్దావమ్మా! పద, కనబడి వద్దాం."

మేకప్ గది దాకా ఆయన పక్కన నడిచానే గాని నోరు పెగల్లేదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది, నాదే పూచీ అన్న మాట కూడా గుర్తొచ్చింది.

గదిలో మిణుగురు కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు చేతిలో ఫోను ఉంది.

"అద్భుతం మేడం!" అన్నాడు ప్రొడ్యూసర్. "చరణం కాస్త అటూ ఇటూ అయింది గానీ మా అమ్మాయి పట్టుకుంది."

"చూశాను," అందామె. "అక్షరాలు వెనక్కిపోయాయి." నా వైపు తిరిగి చేతులు జోడించింది. "నీ రుణం తీర్చుకోలేను తల్లీ." తర్వాత కూతురితో అంది, "నువ్వు చెప్పిందే నిజం. కళ్ళ ముందు రాసి పెట్టినా సరిగ్గా చదవలేకపోయాను. ఇంక నావల్ల కాదు. రాలేనని రాసెయ్."

కూతురు తల వంచి ఫోనులో రాయడం మొదలుపెట్టింది. రాస్తూ ముక్కు తుడుచుకుంది.

ఆ జోడించిన చేతులు చూశాక నాకు తల కొట్టేసినట్టయింది.

"మేడం, తప్పు మీది కాదు, నాది. మీరు అద్దంలో ఉన్నదే పాడారు. రెండో చరణం దాటించింది నేను."

ప్రొడ్యూసర్ నా వంక తిరిగాడు. మిణుగురు మాత్రం నవ్వింది, ఆసుపత్రిలో చూడ్డానికొచ్చినవాళ్ళను చూసి నవ్వినట్టు.

"మంచిదానివి. ఈ మధ్య అందరూ నాతో ఇలాగే మాట్లాడుతున్నారు. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెడితే కూతురు తనే పెట్టానంటుంది. నాకు తెలుసమ్మా."

"ఒట్టు మేడం. మా క్యాసెట్టులో ఆ చరణం లేదు. రీలు నలిగితే మా నాన్న కోసేశాడు. మాకు పాట అలాగే వచ్చు. నా చెయ్యి అలాగే తిప్పేసింది."

"ఇప్పుడు కథలు కూడా అల్లుతోంది," అంది కూతురితో, మెచ్చుకోలుగా. కూతురు రాయడం ఆపలేదు.

నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ముందు కోపమొచ్చింది. నిజం చెబుతుంటే జాలి అంటుందేమిటి ఈవిడ? ఫోను తీసి అక్కకు కలిపి, స్పీకర్ పెట్టి, మేకప్ బల్ల మీద పెట్టాను. చాలాసేపు మోగింది. తీసేసరికి వెనక మిషను టకటకలాడుతోంది.

"ఏంటే ఈ వేళప్పుడు? ప్యాంటు అంచు మడుస్తున్నాను, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు."

"అక్కా, కిటికీ పాట పాడు."

"నీకు పిచ్చి గాని పట్టిందా?"

"పాడవే. మొత్తం. మంచం మీద పాడినట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు పట్టుకునేదాకా వచ్చిందంటే ఏదో ముంచుకొచ్చినట్టే," అని సణిగింది. ప్యాంటు మనిషితో "ఒక్క నిమిషం కూర్చోండి" అనడం వినబడింది. తర్వాత మిషను తొక్కుతూనే పాడింది. అక్క గొంతు ఎప్పుడూ బాగుండదు. పల్లవి, మొదటి చరణం, మళ్ళీ పల్లవి. చివరి మాట పైకి విసిరింది. విసిరి, నాలుకతో "తక్" అని కొట్టి, ఊపిరి కూడా తీసుకోకుండా అందుకుంది.

*దీపం పెట్టకు, చీకటి బాగుంది...*

కూతురి వేళ్ళు ఆగిపోయాయి. మిణుగురు ఒళ్ళోంచి కోటు జారింది, ఆమె తీసుకోలేదు. ఫోను వంక ముందుకు వంగింది.

"ఆ తక్ ఏమిటి?" అని గుసగుసగా అడిగింది నన్ను.

"అతుకు మేడం. అక్కడ టేపు ముక్క ఉంటుంది."

ప్రొడ్యూసర్ గోడకానుకుని నన్నే చూస్తున్నాడు. "రేపు పొద్దున నా గదికి రా," అన్నాడు మెల్లగా. వస్తానని తలూపాను. అప్పుడు నాకు రేపటి మీద ధ్యాస లేదు.

అక్క పాట ముగించింది. "చాలా? ఇంక నా పని చేసుకోనా?"

"ఉండమ్మా," అంది మిణుగురు. గొంతు సవరించుకుంది. "మీ క్యాసెట్టులో లేనిది వినిపిస్తాను."

ఎదురుగా అద్దం ఉంది గానీ దాని మీద అక్షరాల్లేవు, ఆమె ముఖమే ఉంది. దాన్ని చూస్తూ మొదలుపెట్టింది. *మెట్ల మీద నీ చెప్పులు చూశా.* కూతురు లేచి నిలబడింది. *ఒకటి ఇటూ, ఇంకోటి అటూ.* గొంతు గట్టిపడుతోంది. *వచ్చావనుకుని తలుపు తీశా.*

తర్వాతి పంక్తి రాలేదు.

ఆమె నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్ళు అద్దంలో వెతుకుతున్నాయి. కూతురు అందించబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకూ సరిగ్గా తెలియదు. ఆ పంక్తి నా నాలుక మీద ఉంది, ఇందాకే చదివాను. పెదాలు బిగించుకుని నిలబడ్డాను. ఫోనులో మిషను ఒక్కటే టకటకమంటోంది.

ఆమె కళ్ళు వెతకడం మానేశాయి. మాటల్లేకుండానే ఆ పంక్తి బాణీ కూనిరాగం తీసింది. చివర్లో ఎప్పటిలాగే పైకి విసిరి వదిలేసింది.

"బాగానే పాడారు గాని, ఆఖర్న మాటలేవండీ?" అంది అక్క. "మీదీ అతుకుల క్యాసెట్టేనా?"

నేను నాలుక కరుచుకున్నాను. మిణుగురు ఒక క్షణం ఫోను వంక అలాగే చూసి, పగలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"అవునమ్మా. నాదీ అతుకుల క్యాసెట్టే. అయినా పాడుతుంది."

అక్క దుకాణంలో మిషను ఆగిపోయింది.

"ఏమే," అంది అక్క, చిన్నపిల్ల గొంతుతో. "ఎవరే అది?"

మిణుగురు వంగి కోటు తీసుకుని దులిపింది. "ఆ నాలుగు ఊళ్ళకూ ఈ అమ్మాయినే పిలువు," అంది కూతురితో. "కాకపోతే పాట ముందే ఒకసారి చదువుకోమను."

కూతురు ఫోనులో అప్పటిదాకా రాసినదాన్ని ఒక్కో అక్షరమే చెరిపేస్తోంది.